వెయ్యి రూపాయల ఫొటో: బైకు మీద ఓవర్‌స్పీడ్ చలానా ఎలా పడుతుంది, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా: స్పీడ్ గన్ తీసిన కొలత, నంబర్ ప్లేటు ఫొటో, ఆర్సీలో ఉన్న పేరు. ఈ మూడూ కలిస్తేనే ఓవర్‌స్పీడ్ చలానా అవుతుంది. బైకుల విషయంలో ఈ మూడింటికీ కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. చలానా కడితే గొడవ వదిలిపోతుందన్న అభిప్రాయం కూడా చట్టం ప్రకారం సగమే నిజం. పెండింగ్ చలానాల మీద ప్రభుత్వాలు ఇచ్చిన రాయితీలు జనం తీరును ఎలా మార్చాయన్నది వేరే కథ.

ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఫోన్ చూసుకుంటే మెసేజ్ ఉంటుంది. నాలుగు రోజుల కిందట, ఫలానా ఫ్లైఓవర్ దిగే చోట, గంటకు 68 కిలోమీటర్లు. రోడ్డు పక్కన చెట్టు నీడలో నిలబడ్డ కానిస్టేబుల్ గుర్తుకొస్తారు, లేదా గుర్తుకు రారు. చాలామంది చూపు మొదట జరిమానా మీదే ఆగుతుంది. అదే రోడ్డు మీద పక్కనే కారు అంతకంటే వేగంగా వెళ్లిందిగా, దానికెందుకు పడలేదన్న అనుమానం ఆ తర్వాత మొదలవుతుంది.

ఈ అనుమానానికి జవాబు చట్టంలోనే ఉంది.

ఒకే రోడ్డు, రెండు లెక్కలు

మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ వేగాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. ఆ పరిమితికి లోబడి రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద 100, మున్సిపల్ పరిధిలో 70 కిలోమీటర్లు పెట్టారు. మోటారు సైకిళ్లకు నాలుగు వరుసల రోడ్ల మీద 80, మున్సిపల్ పరిధిలో 60. అంటే కారుకు అనుమతి ఉన్న వేగంలోనే వెళ్తున్న బైకు, అదే నిమిషంలో అదే రోడ్డు మీద నిబంధన మీరినట్టు అవుతుంది.

హైదరాబాద్‌లో పరిమితి ఇంకా తక్కువ. జీహెచ్‌ఎంసీ పరిధిలో 2022లో సవరించిన వేగాల ప్రకారం డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, బైకులకు 50. డివైడర్ లేకపోతే కార్లకు 50, బైకులకు 40. కాలనీ రోడ్లలో అందరికీ 30. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు, సర్వీసు రోడ్డుతో సరిపెట్టుకోవాలి. బోర్డు మీద ఒకే అంకె కనిపించే చోట కారుకు రాసిన అంకెను బైకు నడిపేవాళ్లు తమదిగా లెక్కేసుకోవడం చాలా చలానాలకు మూలం.

బైకుకు ఎందుకు తక్కువ పెట్టారన్నది కాస్త లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు మీద చేయి వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులోనే 17 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద మామూలు బ్రేకింగ్‌తో ఆగడానికి మరో 23 మీటర్లు. మొత్తం 40. అదే బండి 80 మీద ఉంటే మొత్తం 63 మీటర్లు కావాలి. ఈ రెండు అంకెల కంటే పెద్ద విషయం మధ్యలో ఉంది: 60 మీద వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన ఆ 40 మీటర్ల దగ్గర, 80 మీద వచ్చిన బండి ఇంకా దాదాపు 60 వేగంతో దూసుకెళ్తూనే ఉంటుంది. కారులో ఉన్నవాళ్లకు ఆ దెబ్బకు అడ్డంగా బాడీ, బెల్టు, ఎయిర్‌బ్యాగ్ ఉంటాయి. బైకు మీద ఉన్నవాళ్లకు హెల్మెట్ ఒక్కటే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. మొత్తం మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని అదే నివేదిక చెబుతోంది. ఈ రెండో అంకెను కొంచెం జాగ్రత్తగా చదవాలి. ప్రమాద స్థలంలో కారణాన్ని నమోదు చేసేది పోలీసులు. రోడ్డు డిజైన్ లోపం, గుంత, వెలుతురు లేని మలుపు వంటివి ఆ గడిలోకి ఎక్కడం అరుదు.

గన్ చూసేది ఏమిటి

వేగం కొలిచే పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. రాడార్ రేడియో తరంగాలను పంపి, తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యంలో తేడాను బట్టి వేగం లెక్కిస్తుంది. దాని కిరణం వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి ఒకేసారి రెండు మూడు వాహనాలు అందులో పడొచ్చు. లోహం ఎక్కువున్న పెద్ద వాహనం నుంచి వచ్చే ప్రతిధ్వని బలంగా ఉంటుంది. లారీ పక్కన బైకు ఉంటే, కొలత లారీదా బైకుదా అన్న ప్రశ్నకు తావుంటుంది.

చేత్తో పట్టుకునే లేజర్ గన్ పనితీరు వేరు. కంటికి కనిపించని పరారుణ కాంతిని సెకనులో మూడో వంతు వ్యవధిలోనే చాలాసార్లు పంపి, ప్రతిసారీ కాంతి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయం నుంచి దూరాన్ని లెక్కిస్తుంది. దూరం మారిన తీరే వేగం. లేజర్ కిరణం సన్నగా ఉంటుంది, 300 మీటర్ల దూరాన దాదాపు మీటరు వెడల్పు మాత్రమే. అందుకే ఏ బండిని గురిపెట్టారో ఖచ్చితంగా చెప్పొచ్చు. కానీ బైకు విషయంలో ఆ మీటరు వెడల్పు కూడా కొంచెం ఎక్కువే. కారుకు ముందు వైపు వెడల్పాటి ప్లేటు, హెడ్‌లైట్లు, బానెట్ ఉంటాయి. బైకు ముందు హై సెక్యూరిటీ ప్లేటు 285 మిల్లీమీటర్ల పొడవు, 45 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ అంతే. రద్దీలో రెండు బైకులు ఆనుకుని వస్తుంటే ఫొటో మధ్యలో ఉన్న గురి గుర్తు ఏ బండి మీద ఉందన్నది కీలకమవుతుంది.

రైడర్లకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. గన్ రోడ్డు పక్కన నిలబడి కాస్త ఏటవాలుగా కొలుస్తుంది కదా, ఆ కోణం వల్ల వచ్చే తేడా ఎప్పుడూ రైడర్‌కే లాభం. 20 డిగ్రీల కోణంలో కొలిస్తే 80 మీద ఉన్న బండి 75గా నమోదవుతుంది. పక్క నుంచి కొట్టారు కాబట్టి ఎక్కువ చూపించిందన్న వాదన అందుకే నిలవదు.

మీటరు వాదన సంగతి వేరు. "నా మీటర్ 60 దాటలేదు" అనే మాట స్టేషన్లలో రోజూ వినిపిస్తుంది. నిజానికి వాహనాల స్పీడోమీటర్లు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్న సూత్రం మీదే తయారవుతాయి. మామూలుగా అవి కాస్త ఎక్కువే చూపిస్తాయి. మీటర్ 60 దగ్గర ఉందంటే అసలు వేగం అంతకంటే ఓ రెండు మూడు తక్కువే ఉండే అవకాశం ఎక్కువ. కంపెనీ ఇచ్చిన సైజు కాకుండా వేరే టైరు వేయించిన బండ్లలో మాత్రం ఈ లెక్క తలకిందులు కావొచ్చు.

జరిమానా పక్కన ఉన్న లైన్లు

చలానాలో మొదట చూడాల్సింది సెక్షన్. 183 అంటే పరిమితి మించిన వేగం. 2019 సవరణకు ముందు దానికి మొదటిసారి 400 రూపాయల వరకే జరిమానా ఉండేది. సవరణ తర్వాత తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు. 184 అంటే ప్రమాదకరంగా నడపడం. దాని బరువు వేరు. సవరించిన చట్టంలో మొదటి తప్పుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. 183 కింద కేసును రుసుము కట్టి ముగించుకోవచ్చు. సవరణ తర్వాత 184లో ఫోన్ పట్టుకుని నడపడానికి తప్ప మిగతావాటికి ఆ వీలు లేదు. రెండు సెక్షన్లలోనూ వేగం ప్రస్తావన ఉంది కాబట్టి చలానాలో ఏది రాశారన్నది చిన్న విషయం కాదు.

రాష్ట్రాల మధ్య తేడా ఇంకో గందరగోళం. 2019 సెప్టెంబరు 1 నుంచి పెంచిన జరిమానాలు దేశంలో అమల్లోకి వచ్చినా, వాటిని అమలు చేయబోమని అప్పటి తెలంగాణ ప్రభుత్వం అదే నెలలో శాసనసభలోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో జీవో ఇచ్చి పెంచింది. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్లేవాళ్లకు బండి అదే, వేగం అదే, కానీ చలానా లెక్క మారొచ్చు. తెలంగాణలో జరిమానాకు తోడు 35 రూపాయల యూజర్ ఛార్జీ కూడా ఉంటుంది. వెయ్యి పడితే కట్టేది 1,035.

రెండోది సాక్ష్యం. ఒక్క సాక్షి "వేగంగా వెళ్లినట్టు నాకు అనిపించింది" అన్నంత మాత్రాన 183 కింద శిక్ష వేయకూడదని ఆ సెక్షనే చెబుతోంది. యంత్రం కానీ ఎలక్ట్రానిక్ పరికరం కానీ తీసిన కొలత ఉండాలి. ఆ పరికరం ఎలా ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన వివరిస్తుంది. పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి నుంచి ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. నిఘా ఉన్న రోడ్డు భాగానికి ముందే హెచ్చరిక బోర్డు కనిపించాలి. 2021 నాటి నిబంధన ప్రకారం తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు వెళ్లాలి. చలానాతో పాటు తప్పునూ నంబర్ ప్లేటునూ చూపే స్పష్టమైన ఫొటో, పరికరం నమోదు చేసిన కొలత, తేదీ, సమయం, చోటు, సెక్షన్, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువీకరణ ఉండాలి. కేసు తేలేదాకా రికార్డు దాచాలి.

కాగితం మీద ఇది బలమైన రక్షణ. ఫోన్‌లోకి వచ్చే చలానాలో ఇవన్నీ కనిపించడం మాత్రం అరుదు. ఫొటో, వేగం, చోటు ఉంటాయి. పరికరం ధ్రువపత్రం సంగతి అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి చూపించేవాళ్లూ తక్కువే.

మెసేజ్ నిజమైనదో కాదో చూసుకోవడం ఈ రోజుల్లో వీటన్నిటికంటే ముందు పని. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దాన్ని ఇన్‌స్టాల్ చేయించి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. ప్రభుత్వ పోర్టళ్ల చిరునామాలు గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. మెసేజ్‌లోని లింకు నొక్కకుండా నేరుగా పోర్టల్‌కు వెళ్లి బండి నంబరుతో వెతికితే నిజమైన చలానా అక్కడే ఉంటుంది. పరివాహన్ పోర్టల్‌లో అయితే నంబరుతో పాటు ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులోని చివరి ఐదు అక్షరాలు ఇవ్వాలి.

బండి అమ్మేసినా చలానా ఆగదు

కెమెరా మనిషిని గుర్తుపట్టదు, ప్లేటును గుర్తుపడుతుంది. ప్లేటు నుంచి ఆర్సీకి, ఆర్సీ నుంచి ఫోన్ నంబరుకు దారి వెళ్తుంది. బైకులకు ఈ దారిలోనే ఎక్కువ చిక్కులు. కారు కంటే బైకు చేతులు మారడం ఎక్కువ. నాన్న పేరున ఉన్న బండి కొడుకు నడుపుతాడు, అన్న కొన్న బండి చెల్లి కాలేజీకి తీసుకెళ్తుంది. మెకానిక్ మధ్యవర్తిగా ఉండి అమ్మిన బండి మీద సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేసి, డబ్బు తీసుకుని మరచిపోయేవాళ్లు ఎందరో.

చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవాళ్లు 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. మారేదాకా చలానాలన్నీ పాత యజమానికే వస్తాయి. చలానాల వరకైతే డబ్బుతో పోతుంది. ఆ బండితో ప్రమాదం జరిగినా మొదట ఆర్సీలోని పేరు ఉన్నవారి ఇంటికే పోలీసులు వెళ్తారు.

నడిపింది మీరు కానప్పుడు ఎవరు నడిపారో చెప్పే బాధ్యత 133వ సెక్షన్ ప్రకారం యజమానిదే. ఇంటర్ చదివే పిల్లాడు నడిపాడని చెప్పాల్సి వస్తే విషయం ఓవర్‌స్పీడ్ దగ్గర ఆగదు. మైనర్‌కు బండి ఇచ్చినందుకు 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. అందుకే చాలా ఇళ్లలో ఎవరు నడిపారన్న ప్రశ్న రాకుండానే చలానా కట్టేస్తారు.

ప్లేటు తప్పుగా చదవడం మరో రకం. 3కీ 8కీ తేడా పోవడం, బురద పట్టిన అక్షరం, ఎవరో మీ నంబరునే తమ బండికి వేసుకోవడం. ఇలాంటప్పుడు ఫొటోయే పెద్ద ఆధారం. మోడల్, రంగు, అద్దాలు, వెనక క్యారియర్, స్టిక్కర్లలో ఏ ఒక్కటి తేడా ఉన్నా తమ బండి ఫొటోను, ఆర్సీని జోడించి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. చలానా పడ్డ సమయంలో బండి వేరే చోట ఉందని చూపే పార్కింగ్ రసీదు, పెట్రోలు బంకు బిల్లు, ఆఫీసు గేటు రికార్డు పనికొస్తాయి. కట్టేశాక పెట్టే ఫిర్యాదుకు బలం తగ్గుతుంది. అందుకే ఈ వరుస తప్పకూడదు.

కడితే పోతుందా?

పోర్టల్‌లో డబ్బు కట్టడమంటే చట్టం భాషలో రుసుముతో రాజీ, 200వ సెక్షన్. అది కడితే ఆ కేసు మీద తదుపరి విచారణ ఉండదు. చాలామందికి తెలిసింది ఇంతవరకే. 2019 సవరణలో ఆ సెక్షన్‌కు ఇంకో మాట చేర్చారు: రాజీ కుదిరినా ఆ తప్పు జరిగినట్టే లెక్క, తర్వాతిసారి అదే తప్పు చేస్తే అది రెండోసారి అవుతుంది. లైసెన్సు స్వాధీనం వంటి చర్యల నుంచి కూడా రాజీ కాపాడదు. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ అతివేగానికి కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది.

అంటే తప్పుడు చలానాను "పోనీలే, ఎవడు తిరుగుతాడు" అని కట్టేయడం వల్ల ఖర్చు వెయ్యి రూపాయలతో తీరకపోవచ్చు. నిజంగా వేగంగా వెళ్లినవాళ్లకు మాత్రం కోర్టుకెళ్లి వాదించడం లాభసాటి కాదు. సగం పూట సెలవు, తిరుగుడు ఖర్చులు కలిపితే జరిమానా దాటిపోతుంది. సాక్ష్యం బలహీనంగా ఉన్న కేసుల్లోనూ ఈ లెక్క వల్లే జనం కట్టేస్తారు. అందువల్ల పరికరాల ధ్రువపత్రాలు, హెచ్చరిక బోర్డులు కోర్టుల్లో పరీక్షకు నిలబడే సందర్భాలే తక్కువ.

బయటి దేశాల్లో

బ్రిటన్‌లో మోటారు సైకిళ్లకు ముందు నంబర్ ప్లేటు అక్కర్లేదు. ముందు నుంచి మాత్రమే ఫొటో తీసే కెమెరాకు బైకు దొరకదు, అక్కడ వెనక నుంచి తీసే కెమెరాలే బైకులకు గండం. ఇక్కడ ముందు ప్లేటు తప్పనిసరి కావడంతో ఎదురుగా గన్ పట్టుకున్నా సరిపోతుంది. అక్కడ 14 రోజుల్లో యజమానికి నోటీసు చేరాలి, 28 రోజుల్లో ఎవరు నడిపారో యజమాని చెప్పాలి. సాధారణ తప్పుకు 100 పౌండ్లు, లైసెన్సు మీద మూడు పాయింట్లు. తక్కువ తేడాతో దొరికితే పాయింట్ల బదులు డబ్బు కట్టి క్లాసుకు కూర్చోవచ్చు. పాయింట్లు పేరుకుంటే లైసెన్సు పోతుంది, బీమా ప్రీమియం పెరుగుతుంది.

అమెరికాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు టికెట్ పడితే మొదట వచ్చే టెన్షన్ జరిమానా గురించి కాదు, ఇన్సూరెన్స్ గురించి. అక్కడ చాలా చోట్ల టికెట్‌ను ట్రాఫిక్ కోర్టులో సవాలు చేయడం మామూలు విషయం, అందుకు వకీళ్లు కూడా ఉంటారు. కోర్టుకు వెళ్తే మిగిలేది పెద్దది కాబట్టి వెళ్తారు. ఇక్కడ వెళ్తే మిగిలేది వెయ్యి రూపాయలే.

ఆగితే తగ్గుతుందన్న లెక్క

2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పెండింగ్ చలానాలకు రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ, కార్లకు 50 శాతం. నెల రోజులన్న గడువును ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. 2023 డిసెంబరు 26న మళ్లీ ఇచ్చారు. ఈసారి బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం. జనవరి 10తో ముగియాల్సిన గడువు రెండుసార్లు పెరిగి ఫిబ్రవరి 15 దాకా సాగింది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇందులో తర్కం ఉంది. ఎన్నటికీ రాని బాకీ కంటే కొంతైనా వస్తే నయం, లక్షల కేసులు రికార్డు నుంచి తొలగిపోతాయి. రైడర్ వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క తేలుతుంది. 2023 నవంబరులో పడ్డ వెయ్యి రూపాయల చలానాను అదే వారం నిజాయితీగా కట్టినవాళ్లకు వెయ్యి ఖర్చయింది. ఊరుకున్నవాళ్లకు 200తో పోయింది. ఆలస్యానికి అదనపు రుసుము వేసే చోట జనం త్వరగా కడతారు, ఆలస్యానికి తగ్గింపు ఇచ్చే చోట ఆగుతారు.

బైకులకు ఎక్కువ రాయితీ ఇవ్వడానికి వాటిని వాడేవాళ్ల ఆదాయాలు ఒక కారణం. డెలివరీ పని చేసే కుర్రాడికి వెయ్యి రూపాయలంటే ఒక రోజు సంపాదన కంటే ఎక్కువే కావొచ్చు. అయితే పడుతున్న జరిమానాకూ చివరికి కట్టే మొత్తానికీ ఐదు రెట్ల తేడా ఉన్నప్పుడు, చలానా వేసిన రోజున దాని భయం ఎంత ఉంటుందన్నది లెక్క తేలాల్సిన ప్రశ్న. 2024 ఫిబ్రవరి 15 రాత్రి గడువు ముగిసింది. 16వ తేదీ పొద్దున పడ్డ మొదటి ఓవర్‌స్పీడ్ చలానాకు కట్టాల్సింది మళ్లీ పూర్తి మొత్తమే. అది అందుకున్న రైడర్ ముందు మాత్రం అప్పటికే రెండు అనుభవాలున్నాయి.